సమానం అనడమే నేరం: రష్యాలో ఎల్‌జీబీటీ మాటకు పడిన సంకెళ్లు

2024 జనవరి చివర్లో రష్యాలోని నీజ్నీ నోవ్‌గరద్ నగరంలో ఒక యువతికి కోర్టు ఐదు రోజుల జైలు వేసింది. ఇంద్రధనుస్సు రంగుల చెవిపోగులు పెట్టుకోవడమే ఆమె చేసిన నేరం. అవి ఒక ‘తీవ్రవాద సంస్థ’ చిహ్నమని కోర్టు తేల్చింది. ఆ సంస్థకు ఆఫీసు లేదు, అధ్యక్షుడు లేడు, సభ్యత్వ రసీదు లేదు. అయినా దేశ సుప్రీంకోర్టు దాన్ని అప్పటికే నిషేధించింది.

చెవిపోగులు జైలుదాకా తీసుకెళ్లే పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. ఒక చిన్న జిల్లా స్థాయి జరిమానాతో మొదలై, పిల్లల రక్షణ అనే పేరుతో పార్లమెంటుకు చేరి, పదిహేనేళ్లలో తీవ్రవాద నిరోధక చట్టం వరకు వెళ్లింది. ఆ దారిలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కారో తెలుసుకోవడం హక్కుల ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు, చదువుకునేవాళ్లకు అవసరం. మాటను నేరం చేసే చట్టాలు ఏ దేశంలోనైనా దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తాయి.

ఇవి ఏ రకం చట్టాలు?

లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ మనుషులపై ఉన్న చట్టాలను రెండు రకాలుగా చూడాలి. మొదటి రకం చట్టాలు సంబంధాన్నే నేరం చేస్తాయి. 2018 సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేవరకు వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలకు కూడా వర్తించిన ఐపీసీ సెక్షన్ 377 అలాంటిదే. రెండో రకం చట్టాలు సంబంధం జోలికి నేరుగా వెళ్లవు. దాని గురించి మాట్లాడటాన్ని, రాయడాన్ని, బొమ్మ గీయడాన్ని, సంఘం పెట్టుకోవడాన్ని నేరం చేస్తాయి. రష్యా చట్టం ఈ రెండో రకం.

రెండో రకంలో ఒక మోసం ఉంది. ‘మేం ఎవరి పడకగదిలోకీ తొంగి చూడటం లేదు, బహిరంగ ప్రచారాన్నే ఆపుతున్నాం’ అని ప్రభుత్వం చెప్పుకోవచ్చు. కానీ తన మీద దాడి జరిగిందని చెప్పాలన్నా, ఉద్యోగం నుంచి తీసేశారని ఫిర్యాదు చేయాలన్నా, చట్టం మార్చమని అడగాలన్నా ముందు తాను ఎవరో చెప్పుకోవాలి. ఆ చెప్పుకోవడాన్నే నేరం చేస్తే మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉంటాయి.

ర్యాజాన్ పోస్టర్ నుంచి పార్లమెంటు వరకు

సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ కాలంలో, 1934లో, మగవాళ్ల మధ్య స్వలింగ సంబంధాన్ని ఐదేళ్ల వరకు జైలు పడే నేరం చేశారు. ఆ నిబంధనను రష్యా 1993లో ఎత్తేసింది. ఆ తర్వాత పత్రికలు వచ్చాయి, క్లబ్బులు తెరిచారు, సంఘాలు పుట్టాయి. బయట అవహేళన ఉన్నా, చట్టం మాత్రం వాళ్లను నేరస్థులు అనలేదు.

2006లో ర్యాజాన్ అనే ప్రాంతం సొంతంగా ఒక చట్టం చేసింది. మైనర్ల మధ్య స్వలింగ సంబంధాల ‘ప్రచారం’ చేస్తే జరిమానా అన్నారు. 2009లో ఇరీనా ఫెదోతొవా అనే ఉద్యమకారిణి అక్కడి ఒక బడి దగ్గర పోస్టర్లు పట్టుకున్నారు. స్వలింగ ప్రేమ మామూలు విషయమేనని, తన గురించి తాను గర్వపడుతున్నానని వాటి సారాంశం. ఆమెకు 1,500 రూబుళ్ల జరిమానా వేశారు. ఆమె ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012 అక్టోబర్‌లో ఆ కమిటీ ఆమె వైపు నిలిచింది. ఇది భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని, వివక్ష కూడా అని తేల్చింది.

రష్యా వెనక్కి తగ్గలేదు. అప్పటికే అర్ఖాంగెల్‌స్క్, సెయింట్ పీటర్స్‌బర్గ్ వంటి చోట్ల అలాంటి చట్టాలే వచ్చాయి. 2013 జూన్‌లో దిగువ సభ డ్యూమా దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. అనుకూలంగా 436 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఆ నెలాఖరులో పుతిన్ సంతకం చేశారు. పరిపాలనా నేరాల స్మృతిలో 6.21 అనే కొత్త అధికరణం చేరింది.

చట్టంలోని మాటలు

ఈ చట్టాన్ని అర్థం చేసుకోవాలంటే దాని మాటల్నే చదవాలి. మైనర్ల మధ్య ‘సంప్రదాయేతర లైంగిక సంబంధాల ప్రచారం’ నేరం అంటుంది. ఏది ప్రచారం? పిల్లల్లో అలాంటి ధోరణి కలిగించేది, ఆ సంబంధాలను ఆకర్షణీయంగా చూపేది, వాటి పట్ల ఆసక్తి రేపేది. వీటితో పాటు ఇంకొకటి కూడా ఉంది. సంప్రదాయ సంబంధాలకూ సంప్రదాయేతర సంబంధాలకూ సమాజంలో సమాన విలువ ఉందన్న ‘వక్రీకరించిన’ అభిప్రాయాన్ని కలిగించడం కూడా ప్రచారమే.

ఈ చివరి ముక్క దగ్గర ఆగాలి. ఇక్కడ బూతు గురించి లేదు. పిల్లలపై లైంగిక దాడి గురించి లేదు. వాటికి వేరే చట్టాలు ముందే ఉన్నాయి. ‘వీళ్లూ వాళ్లూ సమానమే’ అనడాన్ని చట్టం తప్పుడు అభిప్రాయంగా ప్రకటించి, దానికి శిక్ష రాసిపెట్టింది. చెరువు నీళ్లు తాగినందుకు కాకుండా, ఆ నీళ్లు అందరివీ అన్నందుకు శిక్ష వేసినట్టు. మహద్ చరిత్ర తెలిసినవాళ్లకు ఈ తేడా ఇంకా వివరించక్కర్లేదు.

2013 చట్టంలో మామూలు వ్యక్తికి 4,000 నుంచి 5,000 రూబుళ్ల జరిమానా. మీడియాలోనో ఇంటర్నెట్‌లోనో అయితే 50,000 నుంచి లక్ష రూబుళ్లు. సంస్థలకు 10 లక్షల రూబుళ్ల వరకు జరిమానా, లేదా 90 రోజుల పాటు మూత. విదేశీయులైతే 15 రోజుల వరకు నిర్బంధం, దేశ బహిష్కరణ కూడా. జరిమానా చిన్నదనిపించినా, 90 రోజులు తాళం పడితే ఒక చిన్న పత్రిక గానీ, సంఘం గానీ మళ్లీ లేవడం కష్టం.

ఎవరికి శిక్ష పడింది?

ఖబరోవ్‌స్క్ నగరంలో ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు గే అయినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. స్థానిక పత్రిక ఆయనతో మాట్లాడి కథనం వేసింది. తన బతుకే స్వలింగ ప్రేమ మామూలు విషయమనడానికి సాక్ష్యం అన్న అర్థంలో ఆయన అన్న మాటను అచ్చువేసినందుకు పత్రిక సంపాదకుడు అలెగ్జాండర్ సుతూరిన్‌కు 2014 జనవరిలో 50,000 రూబుళ్ల జరిమానా పడింది. అన్యాయం గురించిన వార్తే నేరమైంది.

నీజ్నీ తగీల్‌కు చెందిన జర్నలిస్టు యెలేనా క్లిమొవా 2013లో ‘చిల్డ్రన్-404’ అనే ఆన్‌లైన్ వేదిక మొదలుపెట్టారు. ఇంటర్నెట్‌లో ‘పేజీ దొరకలేదు’ అని చెప్పే 404 సంఖ్య నుంచి ఆ పేరు వచ్చింది. చట్టం ఉనికిలో లేరన్న పిల్లలు, అంటే ఎల్‌జీబీటీ టీనేజర్లు, తమ ఇంట్లో, బడిలో పడుతున్న బాధలను పేరు చెప్పకుండా అక్కడ రాసుకునేవారు. 2015లో క్లిమొవాకు 50,000 రూబుళ్ల జరిమానా వేశారు. పిల్లల్ని కాపాడతామన్న చట్టం పిల్లలు గోడు చెప్పుకునే చోటు మీదే పడింది.

కొమ్సొమోల్‌స్క్ ఆన్ అముర్ పట్టణంలోని చిత్రకారిణి, రంగస్థల కార్యకర్త యూలియా త్స్వెత్‌కొవా కథ ఇంకా వివరంగా చూడాలి. ఎల్‌జీబీటీ విషయాల మీద ఆమె నడిపిన సోషల్ మీడియా పేజీలపై 18 ఏళ్లు దాటినవాళ్లకే అనే గుర్తు ఉంది. అయినా 2019 డిసెంబర్‌లో 50,000 రూబుళ్ల జరిమానా పడింది. ఒకే లింగానికి చెందిన జంటలు పిల్లలతో ఉన్న బొమ్మ గీసి పెట్టినందుకు 2020లో మరో 75,000. ఆడవాళ్ల శరీరాలను ఉన్నవి ఉన్నట్టు గీసిన బొమ్మలపై అశ్లీలత కేసు పెట్టి నెలల తరబడి గృహనిర్బంధంలో ఉంచారు. 2022 జూలైలో కోర్టు ఆమెను నిర్దోషి అంది. తర్వాత ఆమె దేశం విడిచి వెళ్లారు. 18+ గుర్తు పెట్టుకుంటే చాలు, చట్టం జోలికి రాదని అనుకున్నవాళ్లకు ఆ గుర్తు రక్షణ కాదని ఈ కేసుతో అర్థమైంది.

యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2017 జూన్ 20న బాయెవ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఈ చట్టాలు భావప్రకటనా స్వేచ్ఛను కాలరాస్తున్నాయని, వివక్ష చూపుతున్నాయని, సమాజంలో ఉన్న ద్వేషాన్ని మరింత పెంచుతున్నాయని చెప్పింది. స్వలింగ ప్రేమ గురించి వింటే పిల్లలకు హాని జరుగుతుందని నిరూపించే ఆధారం ఏదీ ప్రభుత్వం చూపలేకపోయిందనీ అంది. రష్యా ఆ తీర్పును పక్కన పెట్టింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ కౌన్సిల్ నుంచి రష్యాను తొలగించారు. దాంతో అక్కడి పౌరులకు ఆ న్యాయస్థానం తలుపు కూడా మూసుకుపోయింది.

పిల్లల నుంచి అందరి వరకు

2022 డిసెంబర్ 5న పుతిన్ కొత్త చట్టంపై సంతకం చేశారు. దాంతో ‘మైనర్ల మధ్య’ అన్న షరతు పోయింది. ఇప్పుడు ఏ వయసువాళ్లకు చెప్పినా ప్రచారమే. సినిమా, పుస్తకం, ప్రకటన, ఇంటర్నెట్, అన్నీ దీని కిందికి వచ్చాయి. జరిమానా వ్యక్తికి గరిష్ఠంగా 4 లక్షల రూబుళ్లు, సంస్థకు 50 లక్షల రూబుళ్లు. పిల్లల రక్షణ కోసమే అని తొమ్మిదేళ్లు చెప్పిన కారణాన్ని ఒక్క సవరణతో ప్రభుత్వమే వదిలేసింది. 2023 జూలైలో లింగమార్పిడి వైద్యాన్ని, పత్రాల్లో లింగం మార్చుకోవడాన్ని కూడా నిషేధించింది.

ఈ విస్తరణకు ముందు జరిగిన గొడవలో ఒక నవల పేరు పదే పదే వినిపించింది. యెలేనా మలీసొవా, కతెరీనా సిల్వనొవా కలిసి రాసిన ‘సమ్మర్ ఇన్ ఎ పయనీర్ టై’ 2021లో అచ్చయింది. సోవియట్ కాలపు వేసవి శిబిరంలో ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ అది. రెండు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. పార్లమెంటు సభ్యులకు ఆ అమ్మకాలే భయం పుట్టించాయి. చట్టం వచ్చాక పుస్తకం దుకాణాల నుంచి మాయమైంది, రచయిత్రులు దేశం దాటారు.

ఆ తర్వాత సెన్సార్ అధికారి రానక్కర్లేకుండానే సెన్సార్ జరగడం మొదలైంది. 2024లో ఇటలీ దర్శకుడు పసోలీని జీవితచరిత్ర రష్యన్ అనువాదం వచ్చింది. అందులో దాదాపు ఐదో వంతు భాగంపై ప్రచురణకర్తలే నల్లసిరా పూశారు. పాఠకుడు పేజీల మీద పేజీలు నల్లని గీతలే చూశాడు. ఒక రకంగా అది నిజాయితీ. చాలా పుస్తకాల్లో నల్లసిరా కూడా కనిపించదు, ఆ వాక్యాలే ఉండవు.

సభ్యులు లేని సంస్థ

2023 నవంబర్ 30న రష్యా సుప్రీంకోర్టు ‘అంతర్జాతీయ ఎల్‌జీబీటీ సామాజిక ఉద్యమం’ తీవ్రవాదమని తీర్పు చెప్పింది. పిటిషన్ వేసింది న్యాయశాఖ. విచారణ తలుపులు మూసుకుని జరిగింది. అలాంటి పేరుతో ఏ సంస్థా లేదు కాబట్టి ప్రతివాది లేడు. ఈ తీర్పు మా బతుకుల మీద పడుతుంది, మా మాట వినండి అని అడిగినవాళ్లను కోర్టు కక్షిదారులుగా ఒప్పుకోలేదు. రెండు రోజులు తిరగకుండానే మాస్కో క్లబ్బుల్లో పోలీసుల సోదాలు మొదలయ్యాయి.

ఈ తీర్పు చేసిన పనిని జాగ్రత్తగా గమనించాలి. అప్పటివరకు ఫలానా మాట నేరం. ఇప్పుడు ఒక గుంపే నేరం. సంస్థకు సభ్యత్వం లేదు కాబట్టి ఎవరినైనా అందులో సభ్యులు అనొచ్చు. ఇంద్రధనుస్సు జెండాను దాని చిహ్నం అన్నారు. చిహ్నం ప్రదర్శిస్తే మొదటిసారి జరిమానా, లేదా 15 రోజుల వరకు జైలు. మళ్లీ చేస్తే నాలుగేళ్ల వరకు జైలు పడే క్రిమినల్ కేసు. అలాంటి సంస్థలో పాల్గొన్నారంటే ఆరేళ్ల వరకు, నడిపారంటే పదేళ్ల వరకు. 2024 మార్చిలో ఈ ‘ఉద్యమాన్ని’ ఆర్థిక నిఘా సంస్థ తీవ్రవాదుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాకు ఎక్కినవాళ్ల బ్యాంకు ఖాతాలు స్తంభిస్తాయి.

అదే నెలలో ఒరెన్‌బర్గ్ పట్టణంలో ఒక బార్ సిబ్బందిపై తీవ్రవాద సంస్థ నడిపారన్న మొదటి క్రిమినల్ కేసు నమోదైంది. 2025 మేలో పుస్తక ప్రచురణ రంగంలోని ఉద్యోగులను అదే అభియోగంపై అదుపులోకి తీసుకున్నారు. పైన చెప్పిన నవల వేసిన సంస్థకు సంబంధించినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

దీనికి తోడు 2012 నుంచి ఉన్న ‘విదేశీ ఏజెంట్’ చట్టం పని చేస్తూనే ఉంది. బయటి నుంచి నిధులు వచ్చే సంఘాలకు ఆ ముద్ర వేస్తారు. 2006 నుంచి పనిచేస్తున్న రష్యన్ ఎల్‌జీబీటీ నెట్‌వర్క్‌కు 2021లో ఆ ముద్ర పడింది. దానికి అండగా ఉన్న ‘స్ఫేరా’ అనే ఫౌండేషన్‌ను 2022లో కోర్టు రద్దు చేసింది. ఒక చట్టం నోరు మూస్తే, ఇంకో చట్టం డబ్బు ఆపేస్తుంది, మూడో చట్టం మనిషిని జైల్లో వేస్తుంది.

ఇతర దేశాల్లో

ఈ ఆలోచన రష్యాలో పుట్టలేదు. బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం 1988లో తెచ్చిన సెక్షన్ 28, స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ‘ప్రోత్సహించకూడదు’ అంది. దాని కింద ఎవరికీ శిక్ష పడలేదు. అయినా ఉపాధ్యాయులు భయపడి నోరు మూసుకున్నారు, గ్రంథాలయాలు పుస్తకాలు తీసేశాయి. స్కాట్లండ్‌లో 2000లో, ఇంగ్లండ్, వేల్స్‌లో 2003లో దాన్ని రద్దు చేశారు.

హంగరీ 2021లో పిల్లల రక్షణ పేరుతో చట్టం చేసింది. అలాంటి పుస్తకాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అమ్మాలన్నారు, అలా చుట్టనందుకు 2023లో ఒక పెద్ద పుస్తక దుకాణ సంస్థకు జరిమానా వేశారు. 2025 మార్చిలో ప్రైడ్ ఊరేగింపును నిషేధించేలా చట్టం మార్చారు. జూన్ 28న బుడాపెస్ట్ వీధుల్లో లక్ష మందికి పైగా నడిచి ఆ నిషేధాన్ని తోసిపుచ్చారు. జార్జియా 2024లో ఇదే దారి పట్టింది. ఉగాండా 2023 చట్టంలో స్వలింగ ప్రేమను ‘ప్రోత్సహించడానికి’ 20 ఏళ్ల వరకు జైలు ఉంది.

గెలిచిన కేసులూ ఉన్నాయి. లిథువేనియాలో ఒకే లింగానికి చెందినవాళ్ల ప్రేమ ఉన్న పిల్లల కథల పుస్తకం పంపిణీ ఆపేసి, పద్నాలుగేళ్లలోపు వాళ్లకు హానికరమని దానిపై ముద్ర వేశారు. రచయిత్రి మసాతే కేసు వేశారు. తీర్పు రాకముందే ఆమె చనిపోతే తల్లి కేసు కొనసాగించారు. 2023 జనవరిలో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన నిలిచింది. 2024 డిసెంబర్‌లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది.

హైదరాబాద్‌లోనూ ఒక చట్టం ఉండేది

ఇదంతా దూరదేశాల కథ అనుకోనక్కర్లేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పేరు మనకు తెలుసు. ఎరుకల వంటి జాతులకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టిన చట్టం. దాని రెండో భాగం హిజ్రాల గురించి అన్నది తక్కువమందికి తెలుసు. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి, ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే పట్టుకోవాలి.

అదే నమూనాలో నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, హిజ్రాలపై ఒక చట్టం వచ్చింది. రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఆడబట్టలో నగలో వేసుకుని బహిరంగ స్థలంలో కనిపించినా, పాడినా, ఆడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. రెండేళ్ల వరకు జైలు. చీర కట్టుకోవడం, పాట పాడటం నేరం. ఇది ‘తెలంగాణ యూనక్స్ చట్టం’ పేరుతో మొన్నటిదాకా పుస్తకాల్లో ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరుల పోరాటంతో 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను, విద్యా ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమని కూడా చెప్పింది. హైదరాబాద్ చీరకూ నీజ్నీ నోవ్‌గరద్ చెవిపోగులకూ మధ్య వందేళ్ల దూరం ఉంది కానీ, చట్టం చూపు మారలేదు.

ఇంకో చరిత్ర కూడా మనదే. స్టాలిన్ చట్టం వచ్చిన 1934లోనే, బొంబాయి హైకోర్టులో ఆర్.డి. కర్వే తరఫున డాక్టర్ అంబేద్కర్ వాదించారు. కర్వే నడిపిన ‘సమాజ స్వాస్థ్య’ పత్రికలో స్వలింగ సంబంధాలతో సహా లైంగిక విషయాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు వేసేవారు. దాన్ని అశ్లీలం అంటూ కేసు పెట్టారు. లైంగిక విషయం గురించి రాసినంత మాత్రాన అశ్లీలం కాదని అంబేద్కర్ వాదించారు. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. తెలుసుకునే హక్కు కోసం ఆయన నిలబడిన ఆ చోటు మాత్రం రికార్డులో ఉంది.

బిల్లు చదివేటప్పుడు అడగాల్సినవి

ఏ రాష్ట్రంలోనైనా, ఏ దేశంలోనైనా ఇలాంటి బిల్లు వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు పనికొస్తాయి.

ఒకటి, ‘ప్రచారం’, ‘ప్రోత్సాహం’, ‘సంప్రదాయం’ లాంటి మాటలకు నిర్వచనం ఉందా? లేకపోతే ఆ నిర్వచనం పోలీసు రాస్తాడు.

రెండు, చట్టం చెబుతున్న హాని ఏది, దానికి ఆధారం ఎక్కడ? ఆ హానికి ముందే వేరే చట్టం ఉంటే కొత్తది ఎవరి కోసం?

మూడు, ఒకరిని పొగిడితే తప్పు లేని మాట, ఇంకొకరిని సమానం అంటే తప్పు అవుతోందా?

నాలుగు, శిక్ష మనిషికి పడుతోందా, లేక అతని సంఘానికి, పత్రికకు, బ్యాంకు ఖాతాకు కూడానా?

అయిదు, బాధితులు ఈ చట్టం గురించి ఫిర్యాదు చేయాలంటే ఆ ఫిర్యాదే నేరం అవుతుందా?

2009లో ర్యాజాన్ బడి దగ్గర పోస్టర్‌కు 1,500 రూబుళ్ల జరిమానా పడినప్పుడు అది లోపలి పేజీ వార్త. అంత చిన్న జరిమానాపై ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లడం అతి అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. పదిహేనేళ్ల తర్వాత చెవిపోగులు చూస్తే తెలుస్తుంది, ఆ రోజు పోరాడింది 1,500 రూబుళ్ల కోసం కాదని.